299 రూపాయల బిర్యానీ ఎవరికి గిట్టింది?

పోయిన గురువారం సాయంత్రం హన్మకొండ చౌరస్తా దగ్గర తెలిసినాయన బేకరీలో కూర్చుని ఉన్నాను. నెలనెలా ఆయన జీఎస్టీ లెక్కలు చూసేది నేనే. బిల్లుల కట్ట సంచిలో పెట్టుకుని లేవబోతుంటే ఒక అబ్బాయి ట్యాబ్ పట్టుకుని లోపలికి వచ్చాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయేమో. మెడలో ఐడీ కార్డు, చెమటకు వీపంతా తడిసిన చొక్కా. పొద్దున్నుంచి ఎన్ని షాపులు తిరిగాడో పాపం. రోజుకో డీల్ పెట్టే యాప్ తరఫున వచ్చానన్నాడు.

"అన్నా, మీ కేకు కిలో 600 కదా. ఒక్క రోజు 300కు పెడదాం. వరంగల్, హన్మకొండ, కాజీపేట మొత్తం మీ బేకరీ పేరు చూస్తది. మీరు ముందుగాల ఒక్క రూపాయి కట్టేది లేదు."

బేకరీ ఆయన నా వైపు తిరిగి, "ఏం జేద్దమంటవ్ తమ్మీ?" అని అడిగాడు.

వెంటనే చెప్పలేకపోయాను. "రెండు రోజులు ఆగన్నా, ఆలోచించి చెప్త" అన్నాను. ఆ అబ్బాయి సోమవారం మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు. ఇంటికి పోయేటప్పుడు బండి మీద దారి పొడుగునా అదే ఆలోచన. వద్దు అనడానికి కారణం మా ఇంట్లోనే ఉంది. గట్టిగా వద్దు అనకుండా నన్ను ఆపే కారణం కూడా మా ఇంట్లోనే ఉంది. రెండూ రాస్తే తప్ప నాకు తెగేలా లేదు.

తమ్ముడి హోటల్

మా తమ్ముడిది నయీంనగర్ దాటి హసన్‌పర్తి పోయే రోడ్డు మీద చిన్న ఫ్యామిలీ రెస్టారెంట్. పన్నెండు టేబుళ్లు. శనివారం, ఆదివారం గిరాకీ బాగానే ఉండేది. మిగతా రోజుల్లో సాయంత్రం ఏడు దాటినా సప్లయర్లు తలుపు దగ్గర నిలబడి రోడ్డు మీద పోయే బస్సులు చూస్తుండేవాళ్లు. అట్లాంటి ఒక మంగళవారం డీల్ కంపెనీ మనిషి వచ్చాడు. ఖాళీ టేబుళ్ల మధ్య కూర్చుని ఉన్నవాడికి 'రేపటి నుంచి మీ హోటల్ నిండుతది' అని ఎవరైనా చెబితే వినకుండా ఉండటం కష్టం. తమ్ముడిని నేను తప్పు పట్టను. ఊళ్లోవాళ్ల లెక్కలన్నీ చూసే అన్న ఇంట్లో ఉండగా ఒక్క మాట అడగకుండా సంతకం పెట్టాడే అన్న బాధ మాత్రం ఇప్పటికీ ఉంది.

డీల్ ఇది. రెండు చికెన్ బిర్యానీలు, ఒక చికెన్ 65. మెనూ ప్రకారం 640 రూపాయలు, గిరాకీ యాప్‌లో ముందే డబ్బు కట్టి కొనే కూపన్ మీద 299. తమ్ముడి లెక్కలో చికెన్, బియ్యం, నూనె, మసాలాలు, గ్యాస్ అన్నీ కలిపి 285 దాకా ఖర్చు. 299 వస్తది కాబట్టి లాభం లేకపోయినా నష్టం లేదు, పేరు వస్తది, వచ్చినవాళ్లు కూల్‌డ్రింకులు, ఐస్‌క్రీములు తీసుకుంటే అదే లాభం అనుకున్నాడు.

ఆ 299 పూర్తిగా చేతికి రాదు. అందులో నాలుగో వంతు, అంటే 75 రూపాయలు కంపెనీ కమీషన్. ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 13న్నర. మామూలు వ్యాపారమైతే ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్ కింద వెనక్కి తెచ్చుకోవచ్చు. 5 శాతం జీఎస్టీ కట్టే హోటళ్లకు ఆ అవకాశం లేదు, అది పోయినట్టే. 299 లోపలే హోటల్ కట్టాల్సిన 5 శాతం ఇంకో 14. అన్నీ పోగా చేతికి వచ్చేది 197 దగ్గర. ఖర్చు 285. కూపన్‌కు 88 రూపాయలు నష్టం. ఇందులో మాస్టర్ జీతం, సప్లయర్ల జీతాలు, కిరాయి, కరెంటు బిల్లు ఏవీ కలపలేదు.

తమ్ముడు వంద కూపన్లు చాలన్నాడు. నాలుగు వందలకు తక్కువైతే కుదరదన్నారు వాళ్లు. రెండు రోజుల్లో అమ్ముడుపోయాయి. వాటిలో 340 మంది వచ్చారు. 340ని 88తో గుణిస్తే 29,920 రూపాయలు. రాని ఆ అరవై మంది కట్టిన డబ్బు కంపెనీ దగ్గరే ఉండిపోయింది. ఒప్పందం కాగితంలో అట్లనే రాసి ఉంది, తర్వాత చదివాం.

డబ్బు సంగతి కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. కూపన్లన్నీ శనివారం, ఆదివారమే వచ్చాయి. ఖాళీగా ఉండే మంగళవారం అట్లాగే ఖాళీగా ఉంది. పూర్తి రేటు ఇచ్చే గిరాకీ వచ్చే రెండు రోజులూ సగం రేటు గిరాకీతో నిండిపోయింది. పిల్లలతో వచ్చిన కుటుంబాలు లోపలికి తొంగి చూసి, ఖాళీ లేదని వెనక్కి తిరిగి వెళ్లడం నేను నా కళ్లతో చూశాను. ఆ నష్టం ఏ పుస్తకంలో రాయాలి?

రెండో ఆదివారం ఒక రిటైర్డ్ లెక్చరర్ సార్ వచ్చారు. హోటల్ పెట్టిన నెల నుంచి ప్రతి ఆదివారం రెండు బిర్యానీలు పార్శిల్ తీసుకుపోతారు. ఆ రోజు రద్దీలో నలభై నిమిషాలు గల్లా పక్కన నిలబడ్డారు. పక్క టేబుల్ కుర్రాళ్లు ఫోన్‌లో కూపన్ చూపించడం చూసి అడిగారు: "ఇదేంది బాబూ, నాకు 440, వాళ్లకు 299నా?" కోపంగా అనలేదు. తమ్ముడికి ఏం చెప్పాలో తోచక, "మీకు కూడా తగ్గిస్త సార్" అన్నాడు. "వద్దు వద్దు, ఊకెనే అడిగిన" అని పూర్తి డబ్బులిచ్చి పోయారు. తర్వాత వరసగా నాలుగు ఆదివారాలు రాలేదు. ఇప్పుడు అప్పుడప్పుడూ వస్తున్నారు. తమ్ముడు మాత్రం ఆయన వచ్చినప్పుడల్లా లేచి నిలబడతాడు.

మూడో వారానికి నష్టం అర్థమయ్యాక తమ్ముడు మాస్టర్‌ను పిలిచి, కూపన్ ప్లేట్లలో ముక్కలు తగ్గించమన్నాడు. మాస్టర్ ఒప్పుకోలేదు. "ప్లేటు మీద కూపన్ అని రాసి ఉండదు సేటూ, తినేటోడు నా చెయ్యినే తిడతడు" అన్నాడట. ఒక రోజంతా ఇద్దరికీ మాటల్లేవు. చివరికి ముక్కలు తగ్గాయి. వారం తిరక్కుండా నెట్‌లో 4.3 ఉన్న రేటింగ్ 3.8కి పడింది. 'రద్దీ ఎక్కువ, ముక్కలు తక్కువ' అని రాశారు. ఆ రాసినవాళ్లది అబద్ధం కాదు.

ఇది మావాడి చేతకానితనం ఒక్కటే కాదని తర్వాత తెలిసింది. 2012లో అమెరికాలో బోస్టన్, హార్వర్డ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు, జనం హోటళ్లకు, షాపులకు రేటింగ్ ఇచ్చే యెల్ప్ అనే సైట్‌లోని రివ్యూలను పరిశీలించారు. అక్కడ ఇట్లాంటి డీల్సే పెట్టే గ్రూపాన్ అనే కంపెనీ కూపన్ గురించి ప్రస్తావించినవాళ్లు ఇచ్చిన రేటింగ్ మిగతావాళ్ల కన్నా సగటున పది శాతం తక్కువగా ఉంది. అక్కడి కారణాలు అక్కడివి. ఇక్కడి కారణం నాకు తెలుసు. సగం ధరకు పిలిచి, సగం మనసుతో వడ్డిస్తే ఇంకేం వస్తుంది?

కూపన్ చూపించినప్పుడు ఫోన్ నంబర్ రాసుకోవాలి కాబట్టి తమ్ముడి నోటుబుక్కులో 340 నంబర్లున్నాయి. మూడు నెలల తర్వాత ఇద్దరం కూర్చుని బిల్లులతో సరిచూశాం. పూర్తి రేటుకు మళ్లీ వచ్చినవి పదకొండు నంబర్లు. ముప్పై వేలను పదకొండుతో భాగిస్తే ఒక్కో కొత్త గిరాకీకి 2,700 రూపాయలు పడింది. ఆ డబ్బుతో చౌరస్తాలో బోర్డు పెట్టుకున్నా, పక్కన కాలనీలకు తిరిగి ఇంటింటికీ మెనూ కాగితాలు పంచుకున్నా ఇంతకన్నా తక్కువ మంది వచ్చేవాళ్లా అని నాకు అనుమానమే.

చెల్లెలి పార్లర్

ఇంతవరకే అయితే ఈ వ్యాసం రాయాల్సిన పని లేదు. వద్దన్నా అని ఫోన్‌లో చెప్పేస్తే సరిపోయేది. కానీ మా చిన్నమ్మ కూతురు బాలసముద్రంలో లేడీస్ బ్యూటీ పార్లర్ నడుపుతుంది. తను కూడా డీల్ పెట్టింది. తనకు మంచే జరిగింది.

తన ముందు తమ్ముడి కథంతా చెప్పి, "ఇవన్నీ ముంచే పనులు" అన్నాను. తను ఒప్పుకోలేదు. "అన్నా, నీ లెక్క బిర్యానీకి సరిపోతది. నా దగ్గర ఏం ఖర్చయితదో చూడు" అని కూర్చోబెట్టి చెప్పింది. పొద్దున పదకొండు నుంచి మూడింటి దాకా పార్లర్‌లో ఎవరూ ఉండరు. ఇద్దరు అమ్మాయిలు నెల జీతం మీద ఉన్నారు. కూర్చున్నా అదే జీతం, పని చేసినా అదే జీతం. 1,200 రూపాయల ఫేషియల్, హెయిర్‌కట్ 499కి పెట్టింది. కమీషన్లు పోగా 370 చేతికి వచ్చింది. క్రీములు, ప్యాక్, టవళ్ల ఉతుకు కలిపి 110. 260 రూపాయలు మిగిలినట్టే.

అంతకన్నా ముఖ్యం, తను పెట్టిన షరతులు. సోమవారం నుంచి గురువారం దాకానే. పదకొండు నుంచి మూడు దాకానే. మొదటిసారి వచ్చేవాళ్లకే. అరవై కూపన్లకు మించొద్దు. పెళ్లిళ్ల ముహూర్తాలున్న రోజులు లేవు. కంపెనీ వాళ్లు మూడుసార్లు తిరిగారు, రెండు వందలన్నా పెట్టమన్నారు, తను కదల్లేదు. నాలుగోసారి ఒప్పుకున్నారు. ఆ అరవై మందిలో పద్నాలుగు మంది ఇప్పటికీ వస్తున్నారు. అందులో ఒకామె తన కూతురి పెళ్లికి బ్రైడల్ మేకప్ కూడా మా చెల్లెలికే ఇచ్చింది.

చెల్లెలి మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఖాళీ కుర్చీ అంటే సాయంత్రానికి పాడైపోయే సరుకు లాంటిది. ఈ రోజు మధ్యాహ్నం రెండు గంటల సమయాన్ని రేపు అమ్ముకోలేం. బిర్యానీ అట్లా కాదు, అమ్మిన ప్రతి ప్లేటుకూ కోడి కొనాల్సిందే.

తర్వాత ఇంకొంచెం వెతికి చదివాను. అమెరికాలో రైస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఉత్పల్ ఢోలాకియా 2010లో గ్రూపాన్ డీల్ పెట్టిన 150 వ్యాపారాలను అడిగి తెలుసుకున్నారు. 66 శాతం మందికి లాభం వచ్చింది, 32 శాతం మందికి రాలేదు. నా అభిప్రాయానికి ఇది అడ్డొచ్చే సంగతే, దాచను. మూడింట రెండు వంతుల మంది బాగుపడ్డారంటే చిన్న విషయం కాదు. అయితే అదే సర్వేలో నలభై శాతానికి పైగా మంది మళ్లీ పెట్టబోమన్నారు. హోటళ్లకు అన్నిటికన్నా తక్కువ ఫలితం వచ్చింది, సెలూన్లకు, స్పాలకు మెరుగ్గా వచ్చింది. బాలసముద్రంలో మా చెల్లెలు టవల్ మడతపెడుతూ చెప్పిన మాటే అది.

అప్పటికి నా అభిప్రాయం కొంచెం మారింది. డీల్ చెడ్డదా మంచిదా అని అడగటం కాదు, దాని పగ్గం ఎవరి చేతిలో ఉందని అడగాలి. చెల్లెలు రోజు, గంట, సంఖ్య తనే పెట్టింది. తమ్ముడికి వాటిలో ఏదీ తన చేతిలో లేదు. అయితే చెల్లెలిలాగా మూడుసార్లు కాదనగలిగే దుకాణాలు మన ఊళ్లో ఎన్ని? కిరాయికి ఇబ్బంది పడుతున్నవాడు మొదటిసారే ఒప్పుకుంటాడు. ఎవరికి అవసరం ఎక్కువో వాళ్లే తక్కువ బేరమాడతారు, వాళ్లే ఎక్కువ నష్టపోతారు. నా దగ్గరికి వచ్చే లెక్కల్లో నేను చూసింది ఇదే.

ఉల్లిగడ్డలు, కప్‌కేకులు

2013 సెప్టెంబర్‌లో ఉల్లిగడ్డల ధర మండిపోతున్నప్పుడు గ్రూపాన్ ఇండియా కిలో 9 రూపాయలకు అమ్మింది. రోజుకు మూడు వేల కిలోలు. మొదటిరోజు గంట తిరక్కముందే అయిపోయాయి, సైట్ ఆగిపోయింది. దేశమంతా పేపర్లలో ఆ పేరే. అక్కడ నష్టం కంపెనీ పెట్టుకుంది, పేరు కంపెనీకి వచ్చింది. న్యాయమే. మా తమ్ముడి బిర్యానీకి వచ్చేసరికి నష్టం తమ్ముడిది. పేరు? కూపన్ కొన్న కుర్రాళ్లను మీరెక్కడ తిన్నారని అడగండి, యాప్ పేరు చెప్తారు.

ఈ వ్యాపారం పుట్టింది 2008 నవంబర్‌లో షికాగోలో. గ్రూపాన్ మొదటి డీల్ వాళ్ల ఆఫీసున్న భవనంలోనే కింద ఉన్న బార్‌లో, ఒక పిజ్జా ధరకు రెండు పిజ్జాలు. సగం ధరకు అమ్మించి, వచ్చిన ఆ సగంలో కూడా సగం దాకా కంపెనీ తీసుకునే పద్ధతి. రెండేళ్లకే, 2010 చివర్లో, గూగుల్ దాదాపు 600 కోట్ల డాలర్లు ఇస్తానంటే కాదనుకునేంత పెద్దదైంది. మన దేశంలో అదే సంవత్సరం ఫిబ్రవరిలో మొదలైన స్నాప్‌డీల్ కూడా ముందు రోజువారీ డీల్స్ కంపెనీయే. మరుసటి ఏడాదే ఆ దారి వదిలేసి ఆన్‌లైన్‌లో వస్తువులు అమ్మడంలోకి వెళ్లింది. గ్రూపాన్ ఇండియా 2015లో నియర్‌బై అయింది, 2017లో పేటీఎం చేతికి పోయింది. ఇంత మంచి వ్యాపారమైతే, చేసినవాళ్లే ఎందుకు దారి మార్చుకుంటూ పోయారని నాకు అనిపిస్తుంది.

బేకరీ ఆయనకు చెప్పాలని ఇంకో సంగతి రాసిపెట్టుకున్నాను. 2011లో ఇంగ్లండ్‌లో రెడింగ్ దగ్గర ఒక చిన్న బేకరీ ఆమె 26 పౌండ్ల డజను కప్‌కేకులు ఆరున్నర పౌండ్లకు డీల్ పెట్టింది. 8,500 మంది కొన్నారు. అంటే లక్షా రెండు వేల కేకులు. బయటి నుంచి మనుషుల్ని పెట్టుకుని రాత్రింబవళ్లు చేయించింది. డజనుకు రెండున్నర నుంచి మూడు పౌండ్ల దాకా పోయింది, ఆ బయటి మనుషులకే 12,500 పౌండ్లు ఖర్చయి, ఆ ఏడాది లాభమంతా తుడిచిపెట్టుకుపోయింది. కొనేవాళ్ల సంఖ్యకు ఒక హద్దు పెట్టుకుని ఉంటే ఆమె కథ వేరేగా ఉండేది.

హోటళ్లవాళ్లకు ఈ సంగతి కొంచెం ఆలస్యంగా తెలిసొచ్చింది. జొమాటో యాప్ వాళ్ల గోల్డ్ సభ్యత్వం 2017లో వచ్చింది, చేరినవాళ్లకు హోటళ్లలో ఒకటికి ఒకటి ఉచితం. 2019 ఆగస్టు 15న గురుగ్రామ్‌లో మొదలుపెట్టి చాలా నగరాల్లో రెస్టారెంట్లు 'లాగౌట్' అంటూ దాంట్లోంచి బయటికొచ్చాయి. పెద్ద నగరాల్లో సంఘాలున్నాయి, వకీళ్లున్నారు, కలిసి మాట్లాడతారు. హసన్‌పర్తి రోడ్డు మీద ఒంటరి హోటలాయన ఎవరితో కలిసి లాగౌట్ అవుతాడు?

కొసరు, ఉద్దెర

మన దగ్గర తగ్గించి ఇవ్వడం కొత్తగా వచ్చిందేమీ కాదు. ఆషాఢం సేల్ ఉంది కదా అని మిత్రుడొకడు అడిగాడు. ఉంది. వరంగల్ జేపీఎన్ రోడ్డులో ఆ నెలంతా బోర్డులే. కానీ ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, బట్టల గిరాకీ ఉండదు, శ్రావణం సరుకు రాకముందే పాతది పోవాలి. పోవాల్సిన సరుకును, పోవాల్సిన నెలలో, షాపాయన తనే రేటు వేసి అమ్ముకుంటాడు. ఆ రేటు కొత్తగా వచ్చినవాళ్లకూ అదే, ఇరవై ఏళ్లుగా వచ్చేవాళ్లకూ అదే. వచ్చిన డబ్బు ఆయన గల్లాపెట్టెలోనే పడుతుంది. (పెద్ద షోరూంలు పేపర్లో మొత్తం పేజీ ప్రకటనలు వేసి చిన్న బట్టల షాపులను ఏం చేస్తున్నాయన్నది వేరే బాధ.)

ఇంకా పాతది కొసరు. మా అమ్మ కూరగాయలు తెచ్చే చోట ఒక అవ్వ ఉంటుంది. కిలో వంకాయలు తూచాక చేత్తో రెండు వంకాయలు, నాలుగు పచ్చిమిరపకాయలు, ఒక కరివేపాకు రెమ్మ సంచిలో వేస్తుంది. అమ్మ అడగదు. అవ్వ మరిచిపోదు. కొత్తగా వచ్చి గీసి గీసి బేరమాడినవాళ్లకు అవ్వ రేటు తగ్గిస్తుందేమో గానీ కొసరు వేయదు. నాకు ఇది చాలా పెద్ద విషయంగా కనబడుతుంది. కొసరు ఎప్పుడూ మళ్లీ వచ్చేవాళ్లది.

ఉద్దెర కూడా అంతే. కిరాణా షాపుల లెక్కలు చూస్తాను కాబట్టి తెలుసు, ఒక్కో షాపులో యాభై వేలు, లక్ష దాకా ఉద్దెర నోటుబుక్కుల్లోనే ఉంటుంది. జీతం ఒకటో తారీఖు వచ్చినవాళ్లు అప్పుడు కడతారు. ఊళ్ల నుంచి వచ్చే రైతులు ఏనుమాముల మార్కెట్లో పత్తి అమ్మాక, మిర్చి అమ్మాక కడతారు. వడ్డీ లేదు. ఆ లక్షకు బ్యాంకులో అప్పు తెచ్చి, షాపాయన తన జేబులోంచి వడ్డీ కట్టుకుంటున్నాడు. ఇది డిస్కౌంట్ కాదా? మన చిన్న దుకాణాలు ఇప్పటికే తమ శక్తికి మించి తగ్గించి ఇస్తున్నాయి, తెలిసినవాళ్లకు, అవసరం ఉన్నవాళ్లకు, అవసరం ఉన్నప్పుడు. డీల్ యాప్ ఆ తగ్గింపును తెలిసినవాళ్ల దగ్గర్నుంచి తీసి, మళ్లీ రానివాళ్లకు పంచమంటుంది. పైగా ఆ పంపకానికి కమీషన్ అడుగుతుంది.

లెక్చరర్ సార్ అడిగిన ప్రశ్న నన్ను వదలకపోవడానికి కారణం అదే. ఆయనకు రావాల్సిన కొసరు పక్క టేబుల్‌కు పోయింది.

కొనేవాళ్ల సంగతి

ఇదంతా మా మేనల్లుడికి చెబితే వాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. కిషన్‌పురలో హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్నాడు. "మామా, నెలకు ఇంట్ల నుంచి వచ్చేది మెస్‌కే సరిపోతది. నలుగురం కలిసి బయట తినాలంటే కూపన్ ఉంటేనే పోతం. మేం ఏమన్న తప్పు చేస్తున్నమా?" అని అడిగాడు.

తప్పు లేదు. వాడికి ఆ మాటే చెప్పాను. తక్కువకు దొరికినప్పుడు కొనడం తప్పెట్లా అవుతుంది? నేనూ కొన్నాను. మా పెళ్లిరోజుకు ఒక హోటల్‌లో కూపన్ మీద భోజనం చేశాం. బాగుంది కూడా. మళ్లీ ఆ హోటల్‌కు పోలేదు. పూర్తి రేటు పెట్టాల్సి వస్తే ఎక్కువనిపించింది. సగం ధర ఒకసారి నోటికి అలవాటైతే అసలు ధర మోసంలా కనబడుతుంది. ఆ హోటలాయన నోటుబుక్కులో నా నంబర్ కూడా ఉండి ఉంటుంది, రాని 329 మంది జాబితాలాంటి దాంట్లో.

మేనల్లుడికి ఒకటి మాత్రం చెప్పాను. హాస్టల్ పక్కన టిఫిన్ సెంటర్ ఆయన ప్లేటు ఇడ్లీ నలభైకి ఇస్తాడు, పిల్లలు అడిగితే చట్నీ, సాంబారు ఎంతైనా పోస్తాడు, పరీక్షల నెలలో పైసలు తర్వాత ఇవ్వమంటాడు. ఆయన దగ్గర కూపన్ అడగొద్దురా అన్నాను. "ఆయన దగ్గర ఎవరడుగుతరు మామా?" అన్నాడు వాడు, ఆశ్చర్యంగా.

సోమవారం

నిన్న పొద్దున ముందే బేకరీకి పోయి కూర్చున్నాను. ఖాళీ కేకు డబ్బా మూత వెనక లెక్క రాసి చూపించాను. కేకు ఆర్డర్ ఇచ్చాక చేసేది. క్రీము, మైదా, వెన్న ప్రతి కిలోకూ కొనాలి, కాబట్టి అది తమ్ముడి బిర్యానీ లాంటిది. దాని జోలికి పోవద్దన్నా అన్నాను. రాత్రి ఎనిమిది దాటాక మిగిలిపోయే పఫ్‌లు, బన్నులు, బ్రెడ్డు చెల్లెలి ఖాళీ కుర్చీ లాంటివి. తెల్లారితే పారేసేవే. అవి సగానికి ఇచ్చినా పోయేదేమీ లేదు. అది కూడా రోజుకు ఇరవై మందికి, ఎనిమిది తర్వాతే. ఆయన మూత అటూ ఇటూ తిప్పి చూసి, "మిగిలిన పఫ్‌లకు యాప్ ఎందుకు తమ్మీ, బయట పలక మీద రాస్తె సాలదా?" అన్నాడు. నాకు తట్టనే లేదు. సాలుతుందన్నా అన్నాను. అయినా ఆ పిల్లగాడు ఇంత దూరం వస్తున్నాడు కదా, ఒక మాట అడుగుదాం అన్నాడాయన.

పదకొండింటికి అబ్బాయి వచ్చాడు. షరతులు చెప్పాం. బయటికి పోయి ఎండలోనే నిలబడి ఆఫీసుకు ఫోన్ చేశాడు. చాలాసేపు మాట్లాడాడు. బతిమాలుతున్నట్టే ఉంది లోపలి నుంచి చూస్తుంటే. ఈ నెల ఇరవై షాపులు చేర్పించాలట, తొమ్మిదే అయ్యాయట. వెనక్కి వచ్చి, "రోజుకు రెండు వందలకు తక్కువ ఒప్పుకుంటలేరన్నా. కేకు కూడ ఉండాల్నట" అన్నాడు.

"అయితే వద్దు బిడ్డా" అన్నాడు బేకరీ ఆయన. "కూసో. ఎండల వచ్చినవ్, ఛాయ్ తాగిపో." ట్రేలోంచి ఒక పఫ్ తీసి కాగితంలో పెట్టి అతని ముందుకు జరిపాడు. ఎంతన్నా అని జేబులో చెయ్యి పెట్టాడు అబ్బాయి. ఆయన వినిపించుకోకుండా పలకను తడి గుడ్డతో తుడుస్తున్నాడు.